రెండేళ్ల కష్టం, 80 నిమిషాల ఆట: సంక్రాంతికి స్టీమ్‌లో పెట్టేయమంటారా?

మాంజా_ఇద్దరం
(దసరా తర్వాతి సోమవారం, రాత్రి 11:40)

అందరికీ నమస్తే. నేనూ నా ఇంజినీరింగ్ దోస్తూ కలిసి రెండేళ్లుగా ఒక కంప్యూటర్ ఆట చేస్తున్నాం. పగలు ఉద్యోగాలు, రాత్రి ఆట. వాడుండేది కూకట్‌పల్లి, నేను అత్తాపూర్. శని, ఆదివారాలు మా మేడ మీది గదిలో కూర్చుంటాం.

ఆట పతంగుల మీద. పాతబస్తీ మిద్దెలు, పదేళ్ల పిల్లవాడు, తెగిపోయిన పతంగి వెంట మిద్దె నుంచి మిద్దెకు పరుగు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని దారం వదలాలి, లాగాలి. ధూల్‌పేటలో పతంగులు చేసేవాళ్ల దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. కాగితానికి వెదురుపుల్ల ఎలా వంచి అతికిస్తారో దగ్గరుండి చూసి, ఆ చప్పుళ్లు కూడా రికార్డు చేసుకున్నాం. మొదటి నుంచి చివరి దాకా ఆడితే 80 నిమిషాలు పడుతుంది.

మా ఆలోచన జనవరి 14న సంక్రాంతి రోజు స్టీమ్‌లో, అదే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌లో, విడుదల చేద్దామని. పతంగుల ఆటకు అంతకంటే మంచి రోజు ఏముంటుంది? ఆట దాదాపు పూర్తయింది, చిన్నచిన్న బగ్స్ మిగిలాయి. స్టోర్ పేజీ ఇంకా పెట్టలేదు. ట్రైలర్ బాగా వచ్చాక డిసెంబర్ చివర్లో పెడదాం అనుకుంటున్నాం.

అమ్మకంలో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది, ఎపిక్ అనే ఇంకో స్టోర్ 12 శాతమే తీసుకుంటుంది కదా, ఎపిక్‌లోనే పెడితే పోలేదా అని మావాడు అంటున్నాడు. రూపాయల్లో ధర ఎంత పెట్టాలో తెలియడం లేదు. రెండు గంటల లోపు ఆడినవాళ్లు డబ్బులు వెనక్కి అడగొచ్చని చదివాను, మాది 80 నిమిషాలే. అది తలచుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇదంతా దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.


పిక్సెల్_ముగ్గు
(మంగళవారం, ఉదయం 6:15)

తమ్ముడూ, నీ పోస్టు రాత్రే చూశాను. తీరిగ్గా రాయాలని పొద్దున్నే కూర్చున్నాను. నేను 2022లో సైనిక్‌పురిలో మా ఇంట్లో కూర్చుని ఒక్కదాన్నే ఒక ఆట చేసి స్టీమ్‌లో పెట్టాను. బొమ్మల కొలువు సర్దే పజిల్ ఆట. తొమ్మిది మెట్లు, ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో చిన్న కథ ద్వారా తెలుస్తుంది. మొదటి వారం 41 కాపీలు అమ్ముడుపోయాయి. ఆట బాగాలేక కాదు. కొన్నవాళ్లందరికీ నచ్చింది. నేను చేసిన తప్పునే నువ్వు డిసెంబర్ చివర్లో చేయబోతున్నావు, అందుకే ఇంత పొద్దున్నే రాస్తున్నాను.

పేజీ ఈ వారమే పెట్టు. ట్రైలర్ లేకపోయినా ఫర్వాలేదు, తర్వాత చేర్చుకోవచ్చు. ముందు 100 డాలర్ల ఫీజు కట్టాలి, ఆటకొక ఫీజు. ఆడేవాళ్ల ఓట్లతో ఆటలను ఎంచుకునే గ్రీన్‌లైట్ పద్ధతిని 2017లో తీసేసి ఇది తెచ్చారు. ఆట 1,000 డాలర్లు సంపాదించాక ఆ వంద తిరిగి ఇస్తారు. ఫీజు కట్టిన రోజు నుంచి 30 రోజులు గడిస్తే తప్ప మొదటి ఆటను విడుదల చేయనివ్వరు. 'త్వరలో వస్తుంది' అన్న పేజీ కనీసం రెండు వారాలు కనిపించాలి. పేజీనీ ఆటనీ స్టీమ్ నడిపే కంపెనీ వాల్వ్ మనుషులు చూసి ఒప్పుకోవాలి, దానికి ఇంకొన్ని రోజులు. డిసెంబర్ చివర్లో మొదలుపెడితే సంక్రాంతి ఎలాగూ దాటిపోతుంది.

గడువుల సంగతి అలా ఉంచు, అసలు నష్టం ఇంకోచోట ఉంది. విష్‌లిస్ట్, అంటే తర్వాత కొనాలనుకున్న ఆటల జాబితా, ఎవరో ఇష్టపడి నొక్కే బటన్ మాత్రమే అని నేను అనుకున్నాను. కాదు. ఆట విడుదలైన రోజు ఆ నొక్కిన వాళ్లందరికీ స్టీమే మెయిల్ పంపుతుంది. తర్వాత ఎప్పుడైనా కనీసం 20 శాతం తగ్గింపు పెడితే మళ్లీ పంపుతుంది. ప్రచారానికి పైసా లేని మనలాంటివాళ్లకు మన తరఫున వెళ్లే మెయిళ్లు అవే. నేను పేజీ పెట్టిన 17వ రోజు విడుదల చేశాను. అప్పటికి నా విష్‌లిస్ట్ 312. అందులో సగం మా కజిన్లు, వాళ్ల ఆఫీసు స్నేహితులు.

ఆ రాత్రి ఇప్పటికీ గుర్తే. మా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన అమ్మ. పదిన్నరకు విడుదల బటన్ నొక్కాను. పదకొండుకు మొదటి మెసేజ్ వచ్చింది, 'ఆరో మెట్టు తర్వాత ఆట ఆగిపోతోంది' అని. నాలుగు రోజుల క్రితమే ఆ బగ్ సరిచేశాను. ఏం జరిగిందంటే, స్టీమ్‌లో మన ఆట బిల్డులు, అంటే తయారైన వెర్షన్లు, బ్రాంచిలనే వేర్వేరు అరల్లో ఉంటాయి. కొన్నవాళ్లకు వెళ్లేది డిఫాల్ట్ బ్రాంచిలో ఉన్నది. నేను సరిచేసిన బిల్డును టెస్టింగ్ కోసం పెట్టుకున్న బీటా బ్రాంచిలో ఉంచి, డిఫాల్ట్‌కు మార్చడం మర్చిపోయాను. మార్చడానికి రెండు నిమిషాలే పట్టింది. స్టీమ్ ఆటను సుమారు ఒక్కో ఎంబీ ముక్కలుగా కోసి పెట్టుకుంటుంది, మారిన ముక్కలే కొన్నవాళ్ల కంప్యూటర్లకు వెళ్తాయి. అందుకని వాళ్లకూ పెద్ద డౌన్‌లోడ్ అవ్వలేదు. కానీ ఆ అరగంటలో ఇద్దరు డబ్బు వెనక్కి తీసుకున్నారు, ఒకరు నెగటివ్ రివ్యూ రాశారు. మొత్తం నాలుగు రివ్యూలున్న రోజున ఒక నెగటివ్ అంటే ఎంత బరువో చెప్పలేను. విడుదలకు ముందురోజు వేరే కంప్యూటర్‌లో, వేరే అకౌంట్‌తో, మామూలు కొనుగోలుదారుడిలా ఆట దింపుకుని మొదటి నుంచి చివరి దాకా ఆడు. ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా చేయి.

ఇప్పుడు సంక్రాంతి. మన ఊళ్లో జనవరి 14న ఆకాశం నిండా పతంగులుంటాయి. స్టీమ్‌కు ఆ పండుగ తెలియదు. డిసెంబర్ చివరి నుంచి జనవరి మొదటి రోజుల దాకా వింటర్ సేల్ నడుస్తుంది, జనం జేబులు అప్పుడే ఖాళీ అవుతాయి. ఆ సేల్ వెనకే కొత్త పేరు, కొత్త ఆట అంటే కష్టం. అయినా నీ సంక్రాంతిని వదులుకోమనను. ఆ రోజు డెమో పెట్టు. మొదటి రెండు మిద్దెలు చాలు. ఆ వారం ఊరంతా మిద్దెల మీదే ఉంటుంది, నిజం పతంగులూ మీ ఆట పతంగులూ పక్కపక్కన పెట్టి వీడియోలు తీయొచ్చు. ఆ దృశ్యం మళ్లీ ఏడాది దాకా దొరకదు.

ఫిబ్రవరిలో నెక్స్ట్ ఫెస్ట్ ఉంటుంది. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ నెలల్లో, ఇంకా విడుదల కాని ఆటల డెమోలను స్టీమ్ వారం రోజులు ముందు పెట్టి చూపిస్తుంది. ఒక ఆట ఒక్కసారే పాల్గొనాలి. విడుదలైపోయిన ఆటకు చోటు లేదు. నా బొమ్మల కొలువుకు ఆ తలుపు ఎప్పటికీ మూసుకుపోయింది, ఎందుకంటే నేను దాని గురించి తెలుసుకున్నది ఆట విడుదలైన నెల తర్వాత. నమోదు గడువు చాలా ముందే అయిపోతుంది, ఈ రోజే చూసుకో.

తర్వాత ఉగాది ప్రాంతంలో విడుదల చేయి. మార్చిలో స్ప్రింగ్ సేల్ వస్తుంది, ఆ వారం ఒక్కటీ తప్పించు.

ధర గురించి సాయంత్రం రాస్తాను, ఆఫీసు టైమయింది.


నెట్‌కేఫ్_పాతకాపు
(మంగళవారం, మధ్యాహ్నం 2:05)

నేను ఆటలు చేసేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో 2002 నుంచి 2009 దాకా ఇంటర్నెట్ కేఫ్ నడిపాను. అప్పట్లో ఆట కావాలంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి దొంగ సీడీ కొనడమే. ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. 2003 సెప్టెంబర్‌లో స్టీమ్ వచ్చినప్పుడు దాని మీద చాలా కోపం వచ్చింది నాకు. కౌంటర్ స్ట్రైక్ కొత్త వెర్షన్ కావాలంటే అది వేసుకోవాలి. మరుసటి ఏడాది హాఫ్ లైఫ్ 2 డబ్బా కొన్నా సరే, ఇంటర్నెట్‌లో అకౌంట్ తెరిచి అనుమతి తీసుకుంటేనే ఆట తెరుచుకునేది. డయలప్ లైను మీద అది ఎంత నరకమో అప్పటివాళ్లకే తెలుసు.

నా మనసు మారింది రూపాయి వల్ల. 2015లో స్టీమ్ ధరలు రూపాయల్లో చూపించడం మొదలుపెట్టింది. అంతకుముందు డాలర్ ధర చూసి, లెక్క కట్టుకుని, విదేశీ లావాదేవీకి కార్డు ఒప్పుకుంటుందో లేదో అని టెన్షన్ పడాలి. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో యూపీఐ స్కాన్ చేసి కొంటుంది. ఆమె సీటీసీకి కంప్యూటర్ పార్టుల కోసం తప్ప ఎందుకూ వెళ్లలేదు. కాబట్టి బాబూ, రూపాయి ధర సరిగ్గా పెడితే మాలాంటివాళ్లు కొంటారు. తప్పకుండా కొంటారు.

కొనేవాడిగా నాకొక బాధ ఉంది, అది కూడా చెప్తాను. నా స్టీమ్ అకౌంట్లో 190 ఆటలున్నాయి. నిజానికి అవి నావి కావు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే నాది. కాలిఫోర్నియాలో చట్టం రావడంతో 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ డబ్బు కట్టే పేజీలోనే ఆ మాట రాసి చూపిస్తోంది. అదే ఏడాది మార్చి చివర్లో ది క్రూ అనే కార్ల రేసు ఆట సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. జీఓజీ అనే ఇంకో ఆటల స్టోర్‌లో అలా కాదు. పోలెండ్ వాళ్లది, 2008 నుంచి ఉంది. ఇన్‌స్టాలర్ దింపుకుని హార్డ్ డిస్కులో దాచుకుంటే ఏ అనుమతీ అడగదు. మీ పతంగుల ఆట అలా దాచుకోగలిగే రూపంలో ఎక్కడైనా పెట్టండి. నేను కొంటాను. కేఫ్ నాటి కంప్యూటర్ ఒకటి ఇంకా ఇంట్లో ఉంది, దానికి ఇంటర్నెట్ లేదు. మనవడు వస్తే దాని మీదే ఆడిస్తాను.


మాంజా_ఇద్దరం
(మంగళవారం, సాయంత్రం 6:50)

అక్కా, చాలా చాలా థాంక్స్. మధ్యాహ్నం లంచ్‌లో మావాడికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. డెమో ఆలోచన మాకు అస్సలు తట్టలేదు. పాతకాపు గారూ, మీ కంప్యూటర్ మీద నడిచేలా చూస్తాం, మాట ఇస్తున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఏముందో కొంచెం చెప్పండి.

అక్కా, ఎపిక్ సంగతి చెప్పలేదు. మావాడు ఇంకా 88 శాతం, 70 శాతం లెక్కలు వేస్తూనే ఉన్నాడు.


పిక్సెల్_ముగ్గు
(మంగళవారం, రాత్రి 9:30)

మీవాడి లెక్క తప్పు కాదు. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబర్‌లో 12 శాతం అంటూనే వచ్చింది. సరిగ్గా ఆ ముందు వారమే వాల్వ్ కూడా తన వాటా తగ్గించింది, కానీ ఎవరికి? కోటి డాలర్లు దాటిన అమ్మకం మీద 25 శాతం, 5 కోట్ల డాలర్లు దాటితే 20. మనకు ముప్పయ్యే. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది, పెద్దవాళ్లకు తగ్గించి చిన్నవాళ్ల దగ్గర పూర్తిగా తీసుకోవడం. 2025 జూన్ నుంచి ఎపిక్ ఇంకా ముందుకెళ్లింది. ఒక ఆట మీద ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల దాకా వాటాయే తీసుకోదు. అంటే మీవాడు చెప్పిన 88 కూడా పాత మాట, మీకు 100 వస్తుంది.

అయినా మీరు మొదట స్టీమ్‌లోనే పెట్టండి. పేరులేని ఆటను అపరిచితుడి ముందుకు తీసుకెళ్లే పని స్టీమ్ చేసినంతగా ఇంకే స్టోరూ చేయడం నేను చూడలేదు. నా ఆట పేజీకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నా పేరో ఆట పేరో వెతికి వచ్చినవాళ్లు కాదు. వేరే ఆట పేజీ కింద 'ఇలాంటివే' అని చూపించే వరుసలోంచి వచ్చారు. ఆ వరుసను నడిపేవి ట్యాగులు, అంటే ఆట ఎలాంటిదో చెప్పడానికి పేజీకి తగిలించే మాటలు. నేను మొదట ట్యాగుల్లో మన దేశం, మన సంస్కృతి గురించి చెప్పేవి ముందు పెట్టాను, గర్వంగా. అందుకని ఎక్కడెక్కడి ఆటల పక్కనో చూపించింది. తర్వాత 'పజిల్', 'ప్రశాంతంగా ఆడేది', 'వస్తువులు సర్దేది' అన్నవి పైకి తెచ్చాను. రెండు వారాల్లో పేజీకి వచ్చేవాళ్లు మూడింతలయ్యారు. ఆట అదే, బొమ్మలు అవే. మీరు కూడా ఆటలో చేసే పని ఏమిటో దాన్ని ముందు పెట్టండి. హైదరాబాద్ అన్న మాట స్క్రీన్‌షాట్లలో ఎలాగూ కనిపిస్తుంది.

పేజీ మీది చిన్న బొమ్మ గురించి కూడా. వెతుకులాట ఫలితాల్లో అది అగ్గిపెట్టె కంటే చిన్నగా కనిపిస్తుంది. ఆట పేరు ఆ సైజులో చదవగలగాలి. నాది తొమ్మిది మెట్లూ, ముప్పై బొమ్మలూ గీసి పెట్టాను. చిన్నది చేస్తే రంగుల మరక. చివరకు ఒక్క కొండపల్లి ఏనుగు అంబారీ ఉంచి మిగతావన్నీ తీసేశాను.

ఎక్కడ పెట్టినా ఇంకోచోట పెట్టకూడదని స్టీమ్ నిబంధన ఏదీ లేదు. నెల తర్వాత ఎపిక్‌లో పెట్టండి. పాతకాపు గారు అడిగిన దానికి ఇచ్ డాట్ ఐఓ అనే స్టోర్ చాలు. అక్కడ స్టోర్ వాటా ఎంతో మనమే చెప్పొచ్చు, మామూలుగా 10 శాతం ఉంటుంది, సున్నా కూడా పెట్టొచ్చు. ఫీజు లేదు, ఎదురుచూపు లేదు. జిప్ ఫైలు పెట్టేస్తే అయిపోయింది, ఏ అనుమతీ అడగకుండా నడుస్తుంది. అమ్మకాలు తక్కువ, కానీ అక్కడ కొన్నవాళ్లు పెట్టిన ధర కంటే ఎక్కువ ఇచ్చి కొన్న సందర్భాలు నాకున్నాయి. ఒకాయన పది డాలర్ల ఆటకు 25 ఇచ్చి, 'మా అమ్మమ్మ కొలువు గుర్తొచ్చింది' అని రాశాడు. ఆ మెయిల్ దాచుకున్నాను.

ఇక రూపాయి ధర. డాలర్ ధర కొట్టగానే స్టీమ్ మిగతా దేశాల ధరలన్నీ తనే సూచిస్తుంది. ఆ సూచన మన దగ్గరి కొనుగోలు శక్తి చూసి తగ్గించి ఉంటుంది. నేనేం చేశానంటే, నా ఆటను నా ఊరివాళ్లకు తక్కువకు అమ్మడమేంటి అని పట్టుబట్టి, సూచన చెరిపేసి, 9.99 డాలర్లను నేరుగా మారకం రేటుతో గుణించి ₹799 పెట్టాను. మొదటి మూడు నెలల్లో ఇండియా నుంచి కొన్నది తొమ్మిదిమంది. ₹799 అంటే కుటుంబమంతా కూర్చుని బిర్యానీ తినే డబ్బు. తర్వాత తగ్గించాను, అమ్మకాలు పెరిగాయి. కానీ ముందు కొన్న ఆ తొమ్మిదిమందినీ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మొదట్లోనే సరిగ్గా పెట్టు. తర్వాత పెంచితే 30 రోజులు తగ్గింపు పెట్టనివ్వరు.

₹300 పెట్టావనుకో. మన దగ్గర ఆ ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అది తీస్తే సుమారు ₹254. అందులో స్టీమ్ 30 శాతం పోతే మీకొచ్చేది ₹178. మీ ఇద్దరికీ చెరి ₹89. సగం ధర సేల్‌లో అయితే ఇద్దరికీ కలిపి ₹89. మేడ మీది గదిలో గోడకు ఈ అంకెలు రాసి పెట్టుకోండి, ఎవరైనా డబ్బు ఖర్చు పెట్టమంటే ముందు దాన్ని చూడండి. విడుదల రోజు తగ్గింపు 10 శాతం నుంచి 40 శాతం దాకా పెట్టొచ్చు, పది చాలు. అది ముగిశాక నెల దాకా ఇంకోటి పెట్టడానికి లేదు.

రీఫండ్ భయం గురించి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడితే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. 2015 నుంచి ఉంది ఈ పద్ధతి. మీ ఆట పూర్తిచేసి కూడా వెనక్కి అడిగేవాళ్లు కొందరుంటారు, అది నిజం, బాధేస్తుంది. కానీ దాని కోసం 80 నిమిషాల ఆటను 130 నిమిషాలకు సాగదీయకండి. దయచేసి. నా ఆట గంటన్నర. వందకు పదిమంది లోపే వెనక్కి తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది పావుగంట కూడా ఆడలేదు. ఇష్టంగా పూర్తి చేసినవాళ్లు డబ్బు అడగలేదు. రీఫండ్ ఉందన్న ధైర్యంతోనే తెలియని ఆటను కొనేవాళ్లూ ఉన్నారు.

చివరగా 'కీ'ల గురించి, అంటే కొట్టగానే స్టీమ్‌లో ఆటను తెరిచే కోడ్‌లు. మన ఆట కీలు స్టీమ్ మనకు ఉచితంగా ఇస్తుంది, బయట అమ్ముకున్నా వాటా అడగదు. స్టీమ్‌లో కొనేవాళ్ల కంటే బయటివాళ్లకు మంచి బేరం ఇవ్వకూడదు, అంతే. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో కార్డుల మీద కీలు ముద్రించి అమ్మాను, రెండు రోజుల్లో 60 పోయాయి, ఆటను పిల్లలు నా ముందే ఆడుతుంటే చూశాను. కానీ ఆట పేజీ కనిపించగానే నీకు మెయిళ్లు వస్తాయి, 'నాకు లక్ష మంది సబ్‌స్క్రైబర్లు, అయిదు కీలు పంపండి' అని. చాలావరకు అవి తీసుకుని వేరే చోట అమ్ముకునేవాళ్లవి. నేను 30 దాకా పంపాక గానీ అర్థం కాలేదు. ఒక్క వీడియో రాలేదు. ఆ ఛానెల్ పేజీలో ఇచ్చిన మెయిల్‌కు నువ్వే రాసి, అడిగింది వాళ్లేనా అని తెలుసుకున్నాకే పంపు. కీతో తెరిచినవాళ్లు రాసే రివ్యూలు స్టీమ్ వేసే రేటింగ్‌లో లెక్కకు రావు. కజిన్లకు కీలు పంచి రివ్యూలు రాయించడం వల్ల లాభం లేదు. పది మంది నిజంగా కొని రాస్తేనే పేజీ మీద రేటింగ్ పడుతుంది. ఆ పదీ రావడానికి నాకు 23 రోజులు పట్టింది, రోజూ పొద్దున లేవగానే అదే చూసేదాన్ని.


లెక్కలపుస్తకం
(బుధవారం, ఉదయం 10:20)

అమ్మగారు అన్నీ చెప్పారు. డబ్బు దారి గురించి నేను కొంచెం కలుపుతాను. నల్లకుంటలో ఆడిటర్ దగ్గర పనిచేస్తాను, ఇలాంటి రెండు కేసులు చూశాను.

ఆట అమ్మడానికి స్టీమ్ అకౌంట్ తెరిచేటప్పుడు డబ్ల్యూ-8 బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపమంటుంది. అందులో మీ పాన్ నంబర్ ఇచ్చి, అమెరికాకు భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం వాడుకుంటున్నట్టు రాయండి. అప్పుడు అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 15 శాతం పట్టుకుంటారు. రాయకపోతే 30. మిగతా దేశాల అమ్మకాల మీద ఈ కోత లేదు. అంటే 5.99 డాలర్ల ఆటకు అమెరికాలో స్టీమ్ వాటా పోయాక 4.19, ఈ పన్ను పోయాక 3.56 డాలర్లు. పట్టుకున్నదానికి ఏటా 1042-ఎస్ అనే పత్రం ఇస్తారు. పారేయకండి, ఇక్కడ రిటర్న్ వేసేటప్పుడు ఆ పన్నుకు క్రెడిట్ అడగడానికి అదే ఆధారం.

పేరు జాగ్రత్త. బ్యాంకు అకౌంట్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఇవ్వాలి. మనవాళ్లకు ఇదే చిక్కు. పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో చివర.

ఇంకొకటి. డబ్బు ఒక్క అకౌంట్‌కే వస్తుంది, మీరు ఇద్దరు. ఎవరి అకౌంటో, ఎంత వాటానో, ఒకరు మధ్యలో మానేస్తే కోడ్ ఎవరిదో ఇప్పుడే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నేను చూసిన రెండు కేసుల్లో ఒకటి ఇక్కడే చెడింది.


పిక్సెల్_ముగ్గు
(బుధవారం, మధ్యాహ్నం 1:15)

పేరు విషయం అక్షరాలా నిజం. నా మొదటి డబ్బు ఆ ఇంటిపేరు వల్లే వెనక్కి వెళ్లిపోయింది. నెల అమ్మకాలు ముగిశాక వచ్చే నెలాఖరుకు పంపుతారు, మొత్తం కనీసం 100 డాలర్లు ఉంటే. నేను రోజూ బ్యాలెన్స్ చూసుకుంటున్నాను. రాలేదు. మా బ్యాంకు బ్రాంచికి మూడుసార్లు వెళ్లాను. ఈ డబ్బు దేనికని అడిగితే ఆటలు అమ్మానని చెప్పాను, కౌంటర్ దగ్గరున్నాయనకు అది అర్థమవ్వలేదు. బొమ్మలు ఎగుమతి చేశారా, షిప్పింగ్ బిల్లు ఏదీ అన్నారు. ఆయన తప్పు కాదు, ఆ బ్రాంచికి అలాంటి డబ్బు రావడం అదే మొదటిసారి. నాలుగోసారి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, ఆట తెరిచి, ఆయన చేతనే రెండు బొమ్మలు సర్దించాను. అప్పుడు మేనేజర్ వచ్చి, విదేశీ డబ్బు దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఏది వేయాలో తనే పై ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నారు. పేరు సరిచేశాక రెండు నెలల డబ్బూ కలిపి వచ్చింది. మీరు విడుదలకు ముందే బ్రాంచికి వెళ్లి మాట్లాడి పెట్టుకోండి.


నెట్‌కేఫ్_పాతకాపు
(బుధవారం, రాత్రి 8:00)

బాబూ, గ్రాఫిక్స్ కార్డు జీఫోర్స్ 9400 జీటీ. 2 జీబీ ర్యామ్, విండోస్ 7. నడవకపోతే బాధపడకండి, స్టీమ్‌లో కొనుక్కుంటాను.


మాంజా_ఇద్దరం
(శనివారం, రాత్రి 12:30)

అక్కా, మధ్యాహ్నం 100 డాలర్లు కట్టేశాం. మావాడి అకౌంట్ పెట్టాం, వాడికి పాన్‌లోనూ పాస్‌బుక్కులోనూ పేరు ఒకేలా ఉంది. కాగితం రాసుకున్నాం. రాసేటప్పుడు ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగా అనిపించింది గానీ, రాశాక తేలికైంది. సగం సగం, గదికి కరెంటు బిల్లు కూడా అందులోంచే.

ఎపిక్ గురించి మావాడు ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి ఫెస్ట్‌కు నమోదు చేయడానికి పేజీ ముందు ఆమోదం కావాలట, రేపు సాయంత్రానికి పంపేస్తాం. చిన్న బొమ్మలో చార్మినార్, మిద్దెలు, పిల్లాడు, ఏడు పతంగులు ఉండేవి. అన్నీ తీసేసి ఒక్క ఎర్ర పతంగి, తెగిన దారం ఉంచాం. ఫోన్‌లో చిన్నగా చేసి చూస్తే పేరు చదవగలుగుతున్నాం.

పాతకాపు గారూ, మా ఆఫీసులో పాత సిస్టమ్ ఒకటి దొరికింది, మీ కార్డుకు దగ్గర్లోదే. మొదటి మిద్దె నడుస్తోంది, రెండో మిద్దె మీద గాలి వీచినప్పుడు ఆగిపోతోంది. గాలికి కదిలే బట్టలు ఆరేసిన తీగలు చాలా ఉన్నాయి అక్కడ. వాటిని తగ్గించి చూస్తున్నాం.

అక్కా, ట్యాగుల వరుస రేపు పెడతాను, ఒకసారి చూస్తారా?


పిక్సెల్_ముగ్గు
(ఆదివారం, ఉదయం 6:40)

పెట్టు, చూస్తాను. బట్టల తీగలు మొత్తం తీసేయకు, మిద్దె అంటే అవే.